నాలుగో సంతకం

ఆ కాగితం మీద మా వాడు సంతకం పెట్టకపోవడానికి కారణం నేనేనని ఆ మేడలో ఉన్న అందరూ అనుకున్నారు. తొమ్మిదేళ్ళ పాటు నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు నిజం తెలుసు. తెలిసినా చెప్పుకునే చోటు లేక ఇక్కడ రాసిపెడుతున్నాను. నేను చదివింది మూడో తరగతి. కోడలు తప్పులు దిద్దుతానంది. వద్దన్నాను. నా మాటను ఇంకొకరు సరిచేసి చెబితే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

మా వాడు కంప్యూటర్ ఉద్యోగం మీద సింగపూర్ వచ్చి, కుదురుకుని, ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాక సెరంగూన్‌లో ఒక పాత మేడలో ఫ్లాట్ కొన్నాడు. మేడంటే పెద్దదేమీ కాదు. ఒకప్పుడు ఒకే కుటుంబం కాపురమున్న రెండంతస్తుల పెంకుటిల్లు. మధ్యలో గోడలు కట్టి, వెనక ఇనుప మెట్లు పెట్టి, కింద రెండు, పైన రెండు ఫ్లాట్లు చేశారు. మా వంటగది ఒకప్పుడు ఎవరిదో పడగ్గది. పొయ్యి పక్క గోడకు చొక్కాలు తగిలించుకునే ఇత్తడి కొక్కేలు ఇంకా ఉండేవి. వాటికి నేను గరిటెలు తగిలించేదాన్ని. కోడలు కొత్తవి కొంటానంటే, ఉన్నవి ఊడిపోయాయా అని అడిగాను.

ఆ ఫ్లాట్‌లో సగం బ్యాంకు డబ్బు, సగం నా ఎకరంన్నర పొలం డబ్బు. ఆయన పోయాక నాకు మిగిలింది ఆ ఎకరంన్నరే. అది అమ్మేసి కొడుకు దగ్గరికి వచ్చాను. నేను రాకముందే అంతా కొనేశారు కాబట్టి కాగితాలేవీ నేను చూడలేదు. వచ్చిన రెండేళ్ళకు, అది కూడా బ్యాంకు నుంచి వచ్చిన ఏదో ఉత్తరం గురించి మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకుంటుంటే తెలిసింది, మేం కొన్నది గోడలేగాని నేల కాదని. నేల ఇంకా ఆ పాత యజమానిదే. ఆయన తండ్రి ఎప్పుడో అరవై ఏళ్ళ లీజు మీద నాలుగు ఫ్లాట్లూ అమ్మాడట. అందులో మాకు మిగిలింది ఇరవై ఏడేళ్ళు. గడువు తీరిన రోజున గోడలతో సహా అంతా వాళ్ళదే.

"ఏరా, పొలం అమ్మించి కౌలుకు తీసుకున్నావా?" అన్నాను.

మా వాడు నవ్వాడు. "ఇక్కడ అందరిదీ అంతేనమ్మా. గవర్నమెంటు ఫ్లాట్లూ లీజే. చవగ్గా వచ్చిందని కొన్నాను."

"ఎందుకు చవగ్గా వచ్చిందో ఇప్పుడు తెలిసిందిగా."

ఆ రాత్రి నేను అన్నం తినలేదు. తినని అన్నం పారెయ్యలేదు, పొద్దున చద్దన్నం తిన్నాను. అది వేరే సంగతి.

అది రెండు వేల సంవత్సరం రాబోతున్న రోజులు. ఏడాది మారగానే ప్రపంచంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని మా వాడూ వాడి స్నేహితులూ పగలూ రాత్రీ పనిచేసేవారు. వారానికొక కొత్త కుర్రాడు హైదరాబాద్ నుంచి దిగి, మా హాల్లో చాప మీద నాలుగు రోజులు పడుకుని, గది చూసుకుని వెళ్ళేవాడు. ఎవరి నోట విన్నా షేర్లు, ఆప్షన్లు, రెట్టింపు. పప్పు వడ్డిస్తుంటే పప్పు ఎలా ఉందో చెప్పేవాడు ఒక్కడూ లేడు.

అప్పుడే మేడ యజమాని కబురు పంపాడు. ఆయన ముసలి చైనా మనిషి. రంగులూ మేకులూ అమ్మే దుకాణం నడిపి మానేశాడు. ఒంట్లో బాగాలేదు. పిల్లలకు ఈ పాత మేడ మీద ధ్యాస లేదు. తాను పోయాక వాళ్ళు ఎవరికి అమ్ముతారో తెలియదు కాబట్టి, తన చేతుల మీదుగానే నేల మా నలుగురికీ అమ్మేస్తానన్నాడు. షరతు ఒకటే. నలుగురూ కలిసి ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి. ఒక్కరు వెనక్కి తగ్గినా అమ్మడు. దీపావళి లోపల తేలిపోవాలి.

ఈ కబురు మోసింది పైన మా ఎదురు ఫ్లాట్‌లో ఉండే మాస్టారు. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. వాళ్ళ తాతలు ఎప్పుడో రాజమండ్రి వైపు నుంచి వచ్చారట. ఆయన మాట్లాడేది సగం తెలుగు, సగం అరవం. కింద ఒక ఫ్లాట్‌లో టాక్సీ నడిపే మలయ్ ఆయన, భార్య. ఇంకో దాంట్లో ఒక చైనా ముసలావిడ, ఆవిడ తమ్ముడు. ఆ తమ్ముడికి యాభై దాటాయి, బుద్ధి మాత్రం ఆరేళ్ళ పిల్లాడిది. ఆవిడ బట్టలు కుట్టి వాణ్ణి సాకేది. పెళ్ళి చేసుకోలేదు.

అందరం మాస్టారింట్లో కూర్చున్నాం. మురుకులు పెట్టారు. ఆయన తెలుగులో నాకు, ఇంగ్లీషులో మిగతావాళ్ళకు చెబుతున్నాడు.

"చూడండమ్మా. నేలని మనం నాలుగు ఇళ్ళూ కలిసి కొంటాం. ఒకే పత్రం, నాలుగు పేర్లు. దాని తర్వాత ఎవరి ఫ్లాట్ లీజుని వాళ్ళకి తొమ్మిది వందల తొంభై తొమ్మిదేళ్ళకి పొడిగించుకుంటాం."

"ఎవరు పొడిగిస్తారు?"

"మనమే."

"ఎవరికి?"

"మనకే."

"నా ఇంటిని నేనే నాకు అద్దెకిచ్చుకోవాలా మాస్టారూ?"

ఆయన అది ఇంగ్లీషులోకి మార్చి చెబితే మలయ్ ఆయన పడీ పడీ నవ్వాడు. నేను నవ్వలేదు.

"సరే. మరి మా వంతు ఏది?"

"నాలుగో వంతు."

"అది లెక్క. నేనడిగేది ఎక్కడ అని. ముందు వైపా, వెనకా, ప్రహరీ పక్కనా?"

"ఎక్కడ అని ఉండదమ్మా. మొత్తం నేలలో ప్రతి అడుగులోనూ నాలుగో వంతు మీది."

"అంటే నా కరివేపాకు మొక్క కింద మూడొంతులు వీళ్ళదా?"

"అయ్యో కడవుళే," అని మాస్టారు అరవంలో దేవుణ్ణి పిలిచి తల పట్టుకున్నాడు.

ముసలావిడ మాత్రం నా వైపే చూస్తోంది. నవ్వలేదు. నేనేం అడుగుతున్నానో ఆవిడకు అర్థం కాలేదు, నేను అడ్డం పడుతున్నానని మాత్రం అర్థమైంది. వేలు తమ్ముడి వైపు చూపించి, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో నాతోనే అంది: "ఐ డై, హీ గో వేర్?"

ఆ మాట నాకు అర్థమైంది. అర్థం కానట్టు కూర్చున్నాను.

ఎందుకు కూర్చున్నానో చెప్పాలి. మా అత్తగారింట్లో పదకొండెకరాల మాగాణి అన్నదమ్ముల మధ్య ఉమ్మడిగా ఉండేది. పంచుకోవడం ఎందుకు, మనమంతా ఒకటే కదా అనేవారు పెద్దలు. మా మామగారు పోయిన ఏడాది తిరక్కుండా పెద్ద దాయాది కాలవ వైపు పొలమంతా తనదన్నాడు. ఏ వైపు ఎవరిదో కాగితంలో లేదు. పద్నాలుగేళ్ళు కోర్టుకు తిరిగాం. పొద్దున్నే అన్నం మూట కట్టుకుని మొదటి బస్సెక్కేవాళ్ళం, వాయిదా వేశారని సాయంత్రం తిరిగొచ్చేవాళ్ళం. మా ఆయన ఆ వాయిదాల మధ్యే పోయారు. చివరికి దక్కింది ఎకరంన్నర. సర్వేయరు గొలుసు పట్టి కొలిచి నాలుగు మూలలా రాళ్ళు పాతించిన రోజున నేను ఒక్కో రాయికీ పసుపు రాసి, బొట్టు పెట్టి, అక్కడే కూర్చుని ఏడ్చాను. హద్దురాయి లేని నేల ఎప్పుడో ఒకప్పుడు ఇంకొకడి పాలవుతుందని నాకు పుస్తకంలో ఎవరూ చెప్పలేదు.

అందుకని నేల కొలిపించి, నాలుగు భాగాలు చేసి, మా భాగం కాగితం మీద గీసి చూపిస్తేనే సంతకమన్నాను. అలా కుదరదని మాస్టారు రెండుసార్లు మా ఇంటికొచ్చి చెప్పాడు. ఇక్కడి చట్టంలో ఇలాంటి నేలను ముక్కలు చెయ్యనివ్వరట. మూడోసారి వచ్చినప్పుడు ఒక కాగితం మీద ఇల్లు గీసి చూపించబోయాడు.

"మీరు లెక్కల మాస్టారు. నేను పొలం పోగొట్టుకున్నదాన్ని," అన్నాను. "ఇంకోసారి ఈ మాట ఎత్తేటట్టయితే మా గడప తొక్కకండి."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరిమ్మా," అన్నాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా గడప తొక్కింది తొమ్మిదేళ్ళ తర్వాతే.

మా వాడు ఆ పూట ఏమన్నాడంటే, "నీ పొలం డబ్బుతో కొన్న ఇల్లమ్మా. నీ మాట కాదని నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టను." నాకు కడుపు నిండిపోయింది. కొడుకును ఎంత బాగా పెంచానా అనుకున్నాను. కోడలు మాత్రం ఒకసారి నా ముఖంలోకి, ఒకసారి వాడి ముఖంలోకి చూసి లోపలికి వెళ్ళింది.

కొలవడానికి ఎవరూ రానంటే నేనే కొలుద్దామనుకున్నాను. బట్టలారేసే తాడు విప్పి, మనవరాలి చేతికి ఒక కొస ఇచ్చి పెరట్లోకి దింపాను. దానికప్పుడు తొమ్మిదేళ్ళు.

"నానమ్మా, వై లా? ఇట్స్ సో హాట్!"

"వాగకుండా గట్టిగా పట్టుకో. తాడు సాగితే నేల పెరగదు."

రోడ్డు చివర కొత్త కాండో, డబ్బున్నవాళ్ళ అపార్టుమెంట్లు, కడుతున్నారు. అక్కడ పారేసిన ఇటుకల్లో మంచివి నాలుగు ఏరి, సంచిలో రెండు విడతలుగా మోసుకొచ్చాను. వెనక మూల, నా కరివేపాకు మొక్క లోపలికి వచ్చేటట్టు, నాలుగు చోట్ల ఇటుకలు పెట్టి పసుపు రాశాను. చట్టం ఒప్పుకోకపోతే మానె, నలుగురి కళ్ళకూ ఆనితే చాలనుకున్నాను.

మర్నాడు పొద్దున చూస్తే రెండు ఇటుకలు లేవు. కింది ముసలావిడ తీసుకెళ్ళి వంటల్లో వాసనకు వేసే పాండాన్ ఆకుల కుండీల కింద ఎత్తు పెట్టుకుంది. కుండీలు కదలకుండా బాగా కూర్చున్నాయని నాకు చూపించి సంతోషంగా నవ్వింది కూడా. నేను కుండీలు పక్కకు జరిపి ఇటుకలు తీసుకుని, మళ్ళీ పాతచోటే పెట్టాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. పైకొచ్చి కోడలితో, "చూశావా, అప్పుడే హద్దు జరుపుతోంది. మా దాయాదీ ఇలాగే మొదలెట్టాడు," అన్నాను.

"ఆవిడ ఇటుకలనుకుందత్తయ్యా," అంది కోడలు.

"నువ్వు ఏసీ కట్టెయ్యి. మధ్యాహ్నం పూట అదెందుకు?"

దీపావళి వెళ్ళింది. నాలుగో రోజు నాగుల చవితి. ఇక్కడ పుట్ట ఎక్కడ దొరుకుతుంది? ఏటా చేసినట్టే ఆ వెనక మూల, నా ఇటుకల మధ్య, మట్టి తడిపి చిన్న పుట్టలాగా చేసి, పాలు పోసి, చిమిలీ చలిమిడీ పెట్టి, దణ్ణం పెట్టుకుని పైకి వచ్చాను. ఆవిడ చీపురు పట్టుకుని దూరంగా నిలబడి అంతా చూసింది. రోజూ పొద్దున పెరడంతా ఊడ్చేది ఆవిడే. ఎన్నేళ్ళ నుంచి ఊడుస్తోందో. ఆకులు నా వైపువా తన వైపువా అని ఎప్పుడూ చూసినట్టు లేదు.

పాల గిన్నె అక్కడే మర్చిపోయానని గంట తర్వాత కిందికి వెళ్ళాను. పెరడంతా ఊడ్చి ఉంది. నా ఇటుకల లోపల కూడా ఊడ్చింది. పుట్టను మాత్రం చీపురు తగలకుండా చుట్టూ వదిలేసింది. పుట్ట పక్కన మట్టిలో మూడు ఊదొత్తులు గుచ్చి ఉన్నాయి. వాళ్ళకు మట్టి దేవుడొకడు ఉన్నాడట, ఇంటి నేలకు ఆయనే పెద్ద. ఇది నాకు తర్వాత మనవరాలు చెప్పింది. అప్పుడు నాకు తెలిసిందల్లా ఒకటే. నేను ఇటుకలు పెట్టి వేరు చేసిన చోటికి ఆవిడ వచ్చి దణ్ణం పెట్టుకుని వెళ్ళింది.

నేను ఆ ఊదొత్తులు కాలిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. మా దాయాది ఏనాడూ నా గట్టు మీద దీపం పెట్టలేదు.

పైకి వెళ్ళి, మా వాడు ఆఫీసు నుంచి రాగానే, బూట్లు విప్పకముందే చెప్పాను. "ఆ కాగితం మీద సంతకం పెట్టరా. హద్దులూ వద్దు, కొలతలూ వద్దు. నలుగురం కలిసే ఉందాం."

వాడు బూటు లేసు విప్పుతూ ఆగాడు. కాసేపు తల ఎత్తలేదు. "ఇప్పుడెక్కడమ్మా? దీపావళితో గడువు అయిపోయిందిగా. వాళ్ళు మూసేశారు."

"మాస్టార్ని అడిగి చూడు."

"అడిగానమ్మా. అయిపోయింది."

మూడు కుటుంబాలకు నేల లేకుండా చేశానని ఆ రోజు నుంచి అనుకోవడం మొదలుపెట్టాను. మెట్ల మీద మాస్టారు ఎదురైతే నేనే ముఖం తిప్పుకునేదాన్ని. సిగ్గు. ఆయన దాన్ని పొగరనుకున్నాడు.

చైనా వాళ్ళ కొత్త సంవత్సరం అయిన కొద్ది రోజులకే యజమాని పోయాడు. కొడుకులు నేలను ఒక కంపెనీకి అమ్మేశారు. కంపెనీ వాళ్ళు మేడ ముఖం చూడలేదు. పెంకులు జారితే వెయ్యలేదు, కాలవ పూడితే తియ్యలేదు. లీజు పొడిగించమని మాస్టారు ఉత్తరం రాస్తే, మొదట అడిగిన దానికి ఎన్నో రెట్లు అడిగారు. ఏడాది గడిచినకొద్దీ ఫ్లాట్ల విలువ పడిపోతూ వచ్చింది. ఇంత తక్కువ గడువు మిగిలిన ఫ్లాట్ కొనడానికి బ్యాంకు అప్పివ్వదట, కాబట్టి కొనేవాడూ రాడు. ఇచ్చినంత పుచ్చుకుని కంపెనీకే అమ్ముకోవాలి. మొదట మలయ్ వాళ్ళు వెళ్ళిపోయారు. పోతూ ఆయన భార్య అందరికీ కేకు ముక్కలు పంచింది. మా ఇంటి తలుపు కొట్టలేదు.

ఆ తొమ్మిదేళ్ళూ నాతో మాట్లాడింది కింది ముసలావిడ ఒక్కతే. మాటలంటే ఏముంది, "మకాన్?" అనేది, తిన్నావా అని. నేను తలూపేదాన్ని. కరివేపాకు కోసి ఇచ్చేదాన్ని, పాండాన్ ఆకులు ఇచ్చేది. ఇటుకలు నాలుగూ నేనే తీసుకెళ్ళి ఆవిడ కుండీల కింద పెట్టాను. ఆవిడ మళ్ళీ మళ్ళీ తలూపింది. ఎందుకు పెట్టానో ఆవిడకు చెప్పే భాష నాకు లేదు. తమ్ముడు వాకిట్లో కూర్చుని మా మనవరాలి పాత రంగు పెన్సిళ్ళతో బస్సుల బొమ్మలు వేసేవాడు. వాణ్ణి చూసినప్పుడల్లా నాకు ఆవిడ అడిగిన మాటే వినిపించేది.

మా వంతూ వచ్చింది. మేమూ కంపెనీకే అమ్మి చోవా చూ కాంగ్‌లో గవర్నమెంటు ఫ్లాట్ కొన్నాం. పదకొండో అంతస్తు. ఇదీ లీజే. సామాన్లు కడుతుంటే మాస్టారు వచ్చాడు. ఆయన అంతకు ముందే సెంగ్‌కాంగ్‌లో కూతురి దగ్గరికి మారిపోయాడు. ముసలావిణ్ణి చూడ్డానికి వచ్చి, పైకి ఎక్కి, గడప బయటే నిలబడ్డాడు.

"లోపలికి రండి మాస్టారూ," అన్నాను.

"రావచ్చా అమ్మా? తొక్కొద్దన్నారు."

"అప్పుడన్నాను. బుద్ధి తక్కువై అన్నాను. దీపావళి గడువు దాటకముందే ఒప్పుకుని ఉంటే..."

ఆయన అట్టపెట్టె మీద కూర్చున్నాడు. తర్వాత, "దీపావళితో ఎక్కడ అయిందమ్మా?" అన్నాడు. "నేను వెళ్ళి ఓనరుని బతిమాలితే ఇంకో రెండు వారాలు ఇచ్చాడు. మీ అబ్బాయితో చెప్పాను కదా. దినమూ అడిగాను. అమ్మ వినడం లేదు సార్, నేనేం చెయ్యను అంటాడు. ఆఖరి దినం లాయరు ఆఫీసులో మేం మూడు ఇళ్ళవాళ్ళం సాయంత్రం దాకా కూర్చున్నాం."

దీపావళికి నాగుల చవితి నాలుగో రోజు. రెండు వారాలంటే ఇంకా పది రోజులు మిగిలే ఉన్నాయి. నాకు మూడో తరగతి చదువే అయినా ఈ లెక్క వచ్చు.

ఆయన వెళ్ళాక మా వాణ్ణి ఖాళీ వంటగదిలోకి పిలిచాను.

"నాగుల చవితి నాడు నేను సరేనన్నానా లేదా?"

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా?"

"అన్నానా లేదా?"

"అన్నావు."

"గడువు ఉందా లేదా?"

వాడు గోడకున్న కొక్కేల వైపు చూశాడు. "నేల కోసం ఉంచిన డబ్బు అప్పటికే ఇంకోదాంట్లో పెట్టేశానమ్మా. ఫ్రెండు కంపెనీ. అప్పుడు అందరూ పెడుతున్నారు. ఆరు నెలల్లో రెట్టింపైతే నేల ఒక్కటే ఏంటి, మేడంతా కొందామనుకున్నా."

ఇంటర్నెట్‌లో కూరగాయలు అమ్మే కంపెనీ అది. నాకు గుర్తుంది. ఆ స్నేహితుడు మా ఇంట్లోనే కూర్చుని, మా ఇంటి వంకాయ కూర తింటూ, ఇక మీదట ఎవరూ మార్కెట్‌కు వెళ్ళరని చెప్పాడు. ఏడాది తిరిగేసరికి కంపెనీ లేదు.

"మరి నా పేరెందుకు చెప్పావురా?"

"నువ్వు అప్పటికే వద్దన్నావుగా. అందరికీ తెలుసు. అదే మళ్ళీ చెప్పాను. కొత్తగా అబద్ధమేముంది అందులో?"

కోడలు తలుపు దగ్గరికి వచ్చింది. "ఆయన మీకు చెబుదామనే అనుకున్నారత్తయ్యా."

"తొమ్మిదేళ్ళుగానా అమ్మాయ్?"

నేను కొక్కేలకున్న గరిటెలు ఒక్కొక్కటే తీసి గుడ్డలో చుట్టాను. నా మొండితనం గోడలా నిలబడితే దాని చాటున వాడు నక్కాడు. గోడ కట్టింది నేనే, అది నేను కాదనను. కానీ ఆ గోడను నేను కూలగొట్టిన రోజున అది ఇంకా నిలబడే ఉందని ఊరంతా చెప్పింది వాడు.

మేం వచ్చేశాక ఆ మేడలో ముసలావిడా తమ్ముడే మిగిలారు. మిగతా మూడు ఫ్లాట్లకూ కంపెనీ రేకులు కొట్టించింది. ఇంకో ఏడాది ఆవిడ కదల్లేదు. ఒకరోజు వాకిట్లో తడి మెట్టు మీద జారి తుంటి ఎముక విరిగింది. ఎవరో మేనల్లుడు వచ్చి, ఫ్లాట్ కంపెనీకి అమ్మి, ఆవిణ్ణి ఒక ముసలివాళ్ళ హోంలో చేర్పించాడు. తమ్ముణ్ణి అలాంటివాళ్ళను చూసే ఇంకో చోట పెట్టాడు. ఒకేచోట ఇద్దరినీ ఉంచుకునే హోం లేదట. ఆవిడ అడిగిన ప్రశ్నకు ఆవిడ బతికుండగానే జవాబు వచ్చేసింది.

మాస్టారి దగ్గర అడ్రసు తీసుకుని నేను మనవరాలితో వెళ్ళాను. అది అప్పటికి కాలేజీ పిల్ల. రైలు దిగి బస్సెక్కి వెళ్ళాం. టాక్సీ అంది, వద్దన్నాను. దారిలో దానికి అంతా చెప్పాను, మొదటి నుంచి, వాళ్ళ నాన్న వంటగదిలో అన్న మాటల దాకా. నువ్వు ఆవిడకు ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాలి, ఆవిడకు అర్థమవుతుంది అన్నాను. అది కిటికీలోంచి బయటికి చూస్తూ "ఓకే నానమ్మా" అంది.

ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి గుర్తుపట్టి, "మకాన్?" అంది. తిన్నానని తలూపాను. మంచం పక్క గోడకు రంగు పెన్సిలు బస్సు బొమ్మ ఒకటి అంటించి ఉంది. తమ్ముణ్ణి చూసి ఎన్నాళ్ళైందని అడిగించాను. మేనల్లుడికి తీరిక ఉన్నప్పుడు తీసుకెళతాడట.

అప్పుడు నేను చెప్పడం మొదలుపెట్టాను. ఊదొత్తులు చూసిన సంగతి చెప్పాను. ఆ పూటే సంతకం పెట్టమన్నానని చెప్పాను. పది రోజులు మిగిలి ఉన్నా నా కొడుకు నా పేరు చెప్పి దాచాడని చెప్పాను. మధ్యలో ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ చెప్పాను. చెప్పడం అయ్యాక మనవరాలి వైపు చూశాను.

అది ముసలావిడ వైపు వంగి చెప్పింది. చాలా చిన్నగా ఉంది. నేను అంత చెబితే అది రెండు ముక్కలు చెప్పింది. అందులో నాకు తెలిసిన మాటలు రెండే వినిపించాయి. గ్రాండ్‌మదర్, సారీ. ఫాదర్ అన్న మాట రాలేదు.

ముసలావిడ నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "నెవర్ మైండ్ లా," అంది. "యూ డోంట్ నో. నెవర్ మైండ్."

బయటికి వచ్చి బస్టాపులో నిలబడ్డాక అడిగాను. "నేను చెప్పింది ఎందుకు చెప్పలేదే?"

"నానమ్మా, డాడీ గురించి బయటివాళ్ళకెందుకు? ఎనీవే, ఇట్స్ ఓవర్ వాట్."

"ఆవిడ బయటిదా?"

అది ఫోను చూసుకుంది. బస్సు వచ్చింది. దాన్ని తిట్టాలని ఉంది, తిట్టడానికి నోరు రాలేదు. కిటికీ పక్క కూర్చున్నాక నాకు తట్టింది. మై సన్ నో. ఐ యెస్. ఈ అయిదు మాటలూ నాకు వచ్చు. మార్కెట్‌లో, బస్సుల్లో, లిఫ్టుల్లో ఇన్నేళ్ళూ వాడుతున్న మాటలే. ఆవిడకూ వచ్చు. వేలు పెట్టి చూపించినా అర్థమయ్యేది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కూర్చున్నంత సేపూ ఆ అయిదు మాటలూ నా నోట్లోనే ఉన్నాయి.